సైబీరియా అనే ముందు ఆ పక్షి కాలు చూడండి

సూళ్లూరుపేట ప్రాంతంలో పెరిగిన నాకు, పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు కనిపించగానే ‘సైబీరియా నుంచి వచ్చాయి’ అనడం చిన్ననాటి అలవాటు. దగ్గరలోని నేలపట్టు పక్షుల కేంద్రంలో చెట్లమీద గూళ్లు కట్టే గూడబాతులకు (పెలికాన్లకు) కూడా అదే పుట్టిల్లు అంటగట్టేవాళ్లం. స్పెయిన్ దక్షిణాన మాలగా దగ్గర ఫ్యూయెంతె దె పియెద్రా అనే ఉప్పు సరస్సులో, ఫ్లెమింగో పిల్లల కాళ్లకు గుర్తింపు కడియాలు తొడిగే పనికి ఒక రోజు వెళ్లివచ్చాక, ఆ మాట అనడానికి నాకు నోరు రావడం లేదు.

అక్కడ ఈ పని 1986లో మొదలైంది. వానలు లేక సరస్సు ఎండిన ఏడాది గూళ్లూ ఉండవు, కడియాలూ ఉండవు. ఎండ ముదిరితే పిల్లలు తట్టుకోలేవు కనుక, వందల మందిమి చీకటి ఉండగానే చేరి, బురదనీటిలో అర్ధచంద్రాకారంగా వరుస కట్టి, ఇంకా ఎగరడం రాని పిల్లల గుంపును మాటామంతీ లేకుండా నెమ్మదిగా దడి లోపలికి నడిపించాం. గులాబీ రంగును ఊహించుకుని వెళ్లిన నాకు ఎదురైనవి బూడిద రంగు పిల్లలు. ఒక్కోదాని రెక్కలు కదలకుండా చంకలో పట్టుకుని, ఆ పొడవాటి కాళ్లు దెబ్బ తినకుండా బల్ల దాకా మోసుకుపోవడం నాకు అప్పగించిన పని. మొదటి పిల్లే నా చొక్కా నిండా రెట్ట వేసింది. బల్ల దగ్గర బరువు తూచి, రెక్క కొలిచి, ఒక కాలికి లోహపు కడియం, రెండో కాలికి పెద్ద అక్షరాలున్న ప్లాస్టిక్ కడియం తొడిగారు. ఎప్పుడూ నీటిలో నిలబడే పక్షి కనుక, ప్లాస్టిక్ కడియాన్ని కాలి మడత కంటే పైన వేస్తారు. అలా వేస్తే దూరం నుంచి టెలిస్కోపుతో చదవవచ్చు.

పసికూనలను ఇంత బెదరగొట్టడం దేనికని అడిగేవారున్నారు. చంకలో దాని గుండె దడదడలాడుతున్నప్పుడు నాకూ అదే అనిపించింది. అయితే ఫ్రాన్సులోని కమార్గ్ అనే చిత్తడి నేలల్లో 1977 నుంచి ఇలా కడియాలు వేయబట్టే, అక్కడ పుట్టినవి స్పెయిన్‌లో గూళ్లు కడుతున్నాయని, ఉత్తర ఆఫ్రికా దాకా తిరుగుతున్నాయని, కొన్ని నలభై ఏళ్లకు పైగా బతుకుతున్నాయని తెలిసింది. ఇవేవీ ఎవరో ఊహించి చెప్పినవి కావు, ఒక్కో అక్షరం చదివి రాసుకున్నవి.

మన దేశంలో ఫ్లెమింగోలు గూళ్లు కట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. నేలపట్టు గూడబాతు సైబీరియా ముఖమే ఎరగదు. అది మన చెరువు చెట్టుమీదే పుట్టిన పిల్ల. దాన్ని విదేశీ అతిథి అనడం ముద్దుగా ఉంటుంది కానీ, ఆ మాటలో మనకొక వెసులుబాటు కూడా ఉంది: చుట్టమే అయితే, చెరువు ఎండినప్పుడు సొంత ఊరికి పోతుందిలే అని ఊరుకోవచ్చు. పుట్టిన ఊరే ఇదైతే అది ఎక్కడికి పోతుంది?

మా సూళ్లూరుపేటలో జరిగే పక్షుల పండుగకు వేదికలు, పాటలు, ఆటలు ఉండనివ్వండి. వాటి పక్కనే నాలుగు టెలిస్కోపులు నిలబెట్టి, బడిపిల్లల చేతికి తలా ఒక నోటు పుస్తకం ఇచ్చి, ఏ పక్షి కాలికైనా కడియం ఉందేమో వెతకమనండి. రోజంతా వెతికినా ఒక్కటీ దొరక్కపోతే, మన పక్షి పిల్లలకు మనమెందుకు కడియాలు వేయడం లేదని వాళ్లే అడుగుతారు.