బతికొచ్చిన కూతురికి విడాకులట!

1598 నాటి చైనా నాటకం ‘పియోనీ మంటపం’, రాసింది టాంగ్ షియన్‌జు. 55 రంగాలు. కలలో కనిపించిన కుర్రాడి మీద బెంగతో చచ్చిపోయి, మూడేళ్లకు ఆ కుర్రాడే సమాధి తవ్వితే లేచొచ్చిన లీనియాంగ్ కథ. చివర్లో అందర్నీ చక్రవర్తి దర్బారులో నిలబెట్టి రాజీ చేసేసి తెర దించాడు. ఆ రాత్రి ఇంట్లో పిల్ల తండ్రి దూ బావ్, ఆవిడ (పిల్ల తల్లి) ఏమనుకున్నారో రాయలేదు, ఆ మిగిలిన పని నేను చేస్తున్నా.

ఆవిడ: అన్నం చల్లారిపోతోంది, రండి.

దూ బావ్: నాకొద్దు. ముందు ఆ సమాధి దొంగని వదిలెయ్యమను, అప్పుడు నా కూతురంటాను.

ఆవిడ: ఆ దొంగకి రాజధాని పరీక్షలో ఫస్టు ర్యాంకు. అలాంటి అల్లుణ్ణి వేలాడదీసి కొట్టించిన మామగారు మీరొక్కరే అయ్యుంటారు.

దూ బావ్: తల్లిదండ్రుల ఆజ్ఞ లేదు, మధ్యవర్తి మాట లేదు. అదేం పెళ్లి? కన్ఫ్యూషియస్ బాటలో నడిచిన మహాగురువు మెన్సియస్‌ని చదవలేదా వాడు?

ఆవిడ: మీ కూతురు చదివింది. లేచిన వెంటనే పెళ్లాడదామని అతను తొందరపడితే, దయ్యంగా ఉన్నప్పుడు ఏదో నడిచిపోయింది, ఇప్పుడు మనిషిని, పెద్దవాళ్ల మాట కావాల్సిందేనని ఆ మెన్సియస్‌నే అప్పజెప్పిందట. అడుగుదామంటే మనం ఊళ్లో ఉంటేగా!

దూ బావ్: దయ్యంగా ఉన్నప్పుడు ఏం నడిచిపోయింది?

ఆవిడ: సూప్ పొయ్యనా?

దూ బావ్: అంతా నీ పెంపకం. పగటిపూట నిద్రపోతోంది, కాస్త చూసుకోమని నీకు అప్పుడే చెప్పా.

ఆవిడ: చెప్పి ఊరుకున్నారా, అరవై ఏళ్ల చెన్ పంతుల్ని తెచ్చి పెట్టారు. ఆయన పాతకాలపు పద్యాల సంకలనం ‘షీజింగ్’ తెరిచి మొట్టమొదటి పద్యమే చెప్పాడు, నది మధ్య లంకలో పక్షుల కూతలు, మంచి పిల్ల కోసం రాత్రంతా నిద్రపట్టక దొర్లే మగాడు...

దూ బావ్: అది రాణిగారి సుగుణాల గురించి! వ్యాఖ్యానాలన్నీ అదే చెప్తాయి.

ఆవిడ: వ్యాఖ్యానం పంతులు చదివాడు, పద్యం పిల్ల చదివింది.

దూ బావ్: తోటలోకి తీసుకెళ్లిందని పనిపిల్లని తిట్టింది ఎవరు? నువ్వు కాదూ?

ఆవిడ: (కాసేపాగి) తిట్టాను. మీకు తెలిస్తే నన్ను తిడతారని.

దూ బావ్: పోనీ, అది మనిషేనని గ్యారంటీ ఏంటి?

ఆవిడ: దర్బారులో అద్దం ముందు నిలబెడితే రూపం కనబడింది, నడిపిస్తే నీడ పడింది, చక్రవర్తిగారే మనిషన్నారు. రాజు మాట కాదనొచ్చని ఏ గ్రంథంలో ఉందో చూపించండి, నేనూ కాదంటాను.

దూ బావ్: ...సరే, రమ్మను. కానీ ముందు వాడే వచ్చి దణ్ణం పెట్టాలి.

ఆవిడ: ఒంటి మీద వాతలు మానేదాకా మిమ్మల్ని మామగారూ అని కూడా పిలవడట.

దూ బావ్: చూశావా! పెద్దల్ని గౌరవించడం ఎవరూ నేర్పలేదు వాడికి!

ఆవిడ: చెన్ పంతులు ఖాళీగానే ఉన్నాడు, కబురు పెట్టనా?