జీతం అని మాత్రం రాయకండి

సమాజసేవ చేద్దామని ఉత్సాహపడే కుర్రకారుకు ఒక సలహా. సేవ నిదానంగా నేర్చుకోవచ్చు, ముందు నిధులు అడిగే ప్రపోజల్ రాయడం నేర్చుకోండి. సేవకు మనసుంటే చాలు. ప్రపోజల్‌కు ఎక్సెల్ రావాలి.

ఇరవై ఏళ్లుగా తెలుగులో ఏదో ఒకటి రాస్తూనే ఉన్నాను. నల్గొండ జిల్లాలో మేం నడిపే సాయంత్రం ట్యూషన్ సెంటర్‌కు నిధులు అడగాల్సి వచ్చినప్పుడు గానీ నాకు రాయడం రాదని తెలియలేదు. నా మొదటి ప్రపోజల్ మొత్తం ఇంతే: "మా దగ్గర 40 మంది పిల్లలు చదువుకుంటున్నారు. టీచరమ్మకు నెలకు 8,000 రూపాయల జీతం ఇప్పిస్తే చాలు."

ఒక కంపెనీలో సీఎస్సార్, అంటే సమాజసేవ నిధులు, చూసే మేనేజర్ గారు ఫోన్ చేశారు. "ఇందులో సమస్య ఏదండీ?" అన్నారు. సమస్యేం లేదండీ, బాగానే నడుస్తోంది అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. బాగా నడిచేదానికి డబ్బులు అడిగిన మనిషిని ఆయన అప్పుడే మొదటిసారి చూస్తున్నారట.

డబ్బు లేక కాదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాల్సిందే. ఆ 2 శాతం గుమ్మం దాకా వెళ్లడానికి మనకు ఆదాయపు పన్ను వాళ్లిచ్చే 12ఏ కావాలి, 80జీ కావాలి, స్వచ్ఛంద సంస్థల సర్కారీ పోర్టల్ ఇచ్చే దర్పణ్ నంబర్ కావాలి, కంపెనీల శాఖలో పేరు నమోదుకు సీఎస్సార్-1 ఫారం కావాలి. వీటన్నిటి మీదా మూడేళ్ల అనుభవం కావాలి. నిధులుంటేనే అనుభవం, అనుభవం ఉంటేనే నిధులు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు.

సరే, అనుభవం ఉంది. జీతం మాటేమిటి? "పరిపాలనా ఖర్చులు 5 శాతం దాటకూడదండీ" అన్నారు మేనేజర్ గారు. ఆ 5 శాతం కంపెనీ తన ఆఫీసు ఖర్చుల గురించి కదండీ, పాఠం చెప్పే మనిషి జీతం అందులోకి రాదు కదా అని రూల్ చదివి వినిపించాను. "కరెక్టే సార్, మా పాలసీ అంతే" అన్నారు. (విదేశీ విరాళమైతే ఇంకా సులువు. నల్గొండ పిల్లల కోసం ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతా తెరవాలని రూలు, అంతే.)

అప్పుడు బుద్ధిగా భాష నేర్చుకున్నాను. టీచరమ్మ 'కమ్యూనిటీ లెర్నింగ్ ఫెసిలిటేటర్' అయింది. ఎక్కాల పుస్తకం 'న్యూమరసీ టూల్‌కిట్' అయింది. 40 మంది పిల్లలు ప్రత్యక్ష లబ్ధిదారులు. వాళ్ల అమ్మానాన్నలు, అన్నదమ్ములు, తాతలు, నాయనమ్మలు పరోక్ష లబ్ధిదారులు. మొత్తం 310 మంది తేలారు. అందులో ఒక తాతగారు నిరుడే కాలం చేశారు గానీ, మొదట్లో చేసిన బేస్‌లైన్ సర్వేలో ఉన్నారు కాబట్టి తీసేయడానికి వీల్లేదు.

అన్నిటికన్నా గట్టిది లాగ్‌ఫ్రేమ్ అనే పట్టిక. పిల్లాడు పదమూడో ఎక్కం అప్పజెప్తే అవుట్‌పుట్. నెల తర్వాత కూడా గుర్తుంటే అవుట్‌కమ్. పెద్దయ్యాక వడ్డీ వ్యాపారి దగ్గర మోసపోకుండా ఉంటే ఇంపాక్ట్. ఇదంతా పన్నెండు నెలల్లో జరగాలి, ఫొటోలు పంపాలి. ఆ పట్టికలోనే ఒక గడి ఉంటుంది: నిధులు ఆగిపోయాక మీ పని ఎలా కొనసాగుతుంది? ఈ పట్టికను 1969లో అమెరికా ప్రభుత్వం తరఫున విదేశాలకు సాయం చేసే యూఎస్‌ఎయిడ్ కోసం తయారు చేశారు. నిధులు ఆగి 2025లో ఆ సంస్థే మూతపడింది. గడి మాత్రం అలాగే ఉంది, మేం నింపుతూనే ఉన్నాం.

మార్చి వచ్చింది. మార్చిలో సీఎస్సార్ మేనేజర్లకు కలిగే కరుణ తక్కిన పదకొండు నెలల్లో కలగదు. 31లోపు ఖర్చు చూపించాలి. "సార్, 40 ట్యాబులు పంపిస్తున్నాం. ఫ్లెక్సీ కొట్టించండి, లోగో పెద్దగా ఉండాలి" అన్నారు. ట్యాబులు వద్దు, జీతం చాలు అనబోయి నాలుక కరుచుకున్నాను. అప్పటికి నేనూ కాస్త చదువుకున్నవాణ్ణే కదా.

"అంత ఖరీదైన సామాన్లు సార్, కాపలాకి మనిషి లేకపోతే ఎలా?" అన్నాను.

"నిజమే సుమండీ" అన్నారు. బడ్జెట్‌లో కొత్త లైను చేరింది: డిజిటల్ అసెట్ కస్టోడియన్, నెలకు 8,000 రూపాయలు.

ట్యాబులు బీరువాలో ఉన్నాయి. తాళంచెవి టీచరమ్మ కొంగుకు ఉంది. ఆవిడ రోజూ సాయంత్రం బీరువాకు ఆనుకుని నిలబడి, బోర్డు మీద సుద్దముక్కతో లెక్కలు చెప్తోంది. వచ్చే మార్చికి రోబో అడుగుదామని అనుకుంటున్నాం. అది పెద్ద సామాను కాబట్టి ఇద్దరు కస్టోడియన్లు పడతారు. సైన్స్ టీచర్ కోసం ఎప్పట్నుంచో చూస్తున్నాం.