ఫర్-ఈచ్ వాడితే లూపుల్లో తప్పులే రావా?

"ఫర్-ఈచ్‌లో ఇండెక్స్ ఉండదు, కాబట్టి తప్పు దొర్లదు. లూప్ మధ్యలో లిస్టును కదిపినా ఎక్సెప్షన్ వచ్చి పట్టేస్తుంది. ఇక పాత ఫర్ లూప్ ఎందుకు?" కోడింగ్ నేర్చుకునేవాళ్లలో బాగా చలామణిలో ఉన్న మాట ఇది. నిజం ఉంది గానీ పావు వంతే. ఫర్-ఈచ్ అంటే లిస్టులోని మూలకాలను ఒక్కొక్కటిగా చేతికందించే లూప్; ఇండెక్స్ అంటే మూలకం వరుస సంఖ్య; ఎక్సెప్షన్ అంటే ప్రోగ్రామ్ నడుస్తుండగా వచ్చే లోపం.

ఇండెక్స్ లేకపోవడం కాదు, కనిపించదంతే. జావాలో అర్రే మీద ఫర్-ఈచ్ రాస్తే కంపైలర్ దాన్ని ఇండెక్స్ లూప్‌గానే మారుస్తుంది. అర్రేలిస్ట్ (సైజు మారగల జావా లిస్టు) అయితే మూలకాలను వరుసగా అందించే ఇటరేటర్ వస్తుంది, దాని లోపల తర్వాత ఇవ్వాల్సిన స్థానాన్ని చెప్పే కర్సర్ అనే అంకె ఉంటుంది. చివర్లో ఒక చుట్టు ఎక్కువ తిరగడం లాంటి పొరపాట్లు తప్పుతాయి, ఆ మేరకు ఒప్పుకోవాల్సిందే.

ఎక్సెప్షన్ పట్టేస్తుందన్న ధీమాయే అసలు కొంప ముంచేది. అర్రేలిస్ట్‌లో ఎరుపు, పసుపు, నీలం ఉన్నాయి. లూప్ పసుపు దగ్గరికి రాగానే దాన్ని లిస్టు నుంచి తీసేశారు. అప్పటికి కర్సర్ 2. సైజు కూడా 3 నుంచి 2కి తగ్గింది. ఇంకా మూలకం ఉందా అని చెప్పే హ్యాజ్‌నెక్స్ట్ చూసేది ఆ రెండూ సమానమా కాదా అన్నదొక్కటే. సమానమే కనుక లూప్ ముగుస్తుంది. లిస్టు మారిందా అని చూసే మాడ్‌కౌంట్ (మార్పుల లెక్క) తనిఖీ ఉన్నది తర్వాతి మూలకాన్ని ఇచ్చే నెక్స్ట్‌లో, దాన్ని ఇక ఎవరూ పిలవరు. ఎక్సెప్షన్ రాదు, నీలం వంతూ రాదు. అదే ఎరుపును తీసేస్తే మాత్రం కాన్‌కరెంట్ మాడిఫికేషన్ ఎక్సెప్షన్ పడుతుంది. చివరి నుంచి రెండోదాన్ని తీసేసినప్పుడే ఈ మౌనం, అందుకే టెస్టుల్లో తేలిగ్గా దొరకదు.

పైథాన్ లిస్టుకు ఆ కాస్త తనిఖీ కూడా లేదు. 2, 4, 6, 8 మీద తిరుగుతూ సరిసంఖ్యలన్నీ రిమూవ్ చేయబోతే 4, 8 మిగిలిపోతాయి. ఇలా తీసేయడానికి జావా 8 నుంచి రిమూవ్‌ఇఫ్ ఉంది, పైథాన్‌లో కావలసినవాటితో కొత్త లిస్టు కట్టుకోవాలి.

పాత ఫర్ ఎందుకంటారా? అర్రేలో గడి విలువ మార్చడానికి. లూప్ వేరియబుల్‌కు కొత్త విలువ ఇస్తే వేరియబులే మారుతుంది, గడి అలాగే ఉంటుంది. అలాగని లింక్డ్‌లిస్ట్ (మూలకాలు గొలుసులా ఒకదానికొకటి తగిలించి ఉండే లిస్టు) మీద ఇండెక్స్‌తో తిరగకండి: మూలకాన్ని తెచ్చే గెట్ ప్రతిసారీ దగ్గరి కొస నుంచి నడుచుకుంటూ వస్తుంది. లక్ష మూలకాలకు అది దాదాపు 250 కోట్ల అడుగులు. అక్కడ ఫర్-ఈచే సరైనది.

జావాస్క్రిప్ట్ ఫర్‌ఈచ్‌నూ ఇదే గాటన కట్టేస్తున్నారు. అది లూప్ కాదు, మెథడ్. అందులో, లూప్‌ను మధ్యలో ఆపే బ్రేక్ పనిచేయదు. అసింక్ ఫంక్షన్ (ఆలస్యంగా పూర్తయ్యే పనులు చేసేది) ఇస్తే, లోపలి అవెయిట్ (ఆ పని కోసం ఎదురుచూడమనేది) పూర్తయ్యేదాకా ఆగకుండా తర్వాతి మూలకానికి వెళ్లిపోతుంది. ఒకదాని తర్వాత ఒకటి జరగాలంటే ఫర్-ఆఫ్ రాయండి.