టాక్సీల్లో తరలిపోతున్న బడి సొమ్ము

ఇంగ్లండ్ కౌన్సిళ్లు, అంటే అక్కడి స్థానిక ప్రభుత్వాలు, దివాలా అంచుకు ఎందుకొచ్చాయని అడిగితే వృద్ధుల సంరక్షణ ఖర్చే చూపిస్తారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు పద్దు తెరిచేవాళ్లు తక్కువ. ఏ పిల్లాడికి ఏ సాయం అందాలో చట్టబద్ధంగా రాసిచ్చే పత్రం ఈహెచ్‌సీపీ. 2014 చట్టంతో వచ్చిన ఈ ప్లాన్లు 2024 జనవరికి 5.76 లక్షలకు చేరాయి. 2015తో పోలిస్తే ఇది 140 శాతం పెరుగుదల. అందులో పెద్ద వాటా ఆటిజం, మాట-భాష ఇబ్బందులు, ఎస్‌ఈఎంహెచ్‌లదే. ఎస్‌ఈఎంహెచ్ అంటే ఆందోళన, కుంగుబాటు, అదుపు తప్పే కోపం వంటి మానసిక సమస్యలు.

ఈ పిల్లలకు కౌన్సిళ్లు బడి కట్టడం లేదు, సీటు కొంటున్నాయి. జాతీయ ఆడిట్ ఆఫీసు 2024 అక్టోబర్ నివేదిక ప్రకారం సర్కారు స్పెషల్ స్కూల్లో ఒక్కో సీటుకు సగటున 23,900 పౌండ్లు, ప్రైవేటులో 61,500. తేడా 37,600. అరవై మంది పట్టే ఒక బడికి లెక్కేస్తే ఏడాదికి 22 లక్షల పౌండ్లు దాటుతుంది. ప్రైవేటుకు వెళ్లేవారిలో తీవ్ర సమస్యలున్నవారు ఎక్కువని వాదిస్తారు. సరే, అందుకని తేడాలో సగం కొట్టేసినా 11 లక్షలు మిగులుతాయి. దూరపు ప్రైవేటు బడికి పిల్లల్ని చేరవేసే టాక్సీ ఖర్చు దీనికి అదనం. పైగా గంటసేపు కారులో, పక్కన ఎస్కార్ట్‌తో వచ్చే పిల్లాడు మొదటి పీరియడ్‌కు ముందే అలసిపోతాడు.

మరి ఎందుకు కొంటున్నారు? తల్లిదండ్రులు అప్పీలుకెళ్లిన ట్రిబ్యునల్ నుంచి తీర్పొస్తే పిల్లాడికి సీటు త్వరగా చూపించాలి. కొత్త బడికేమో ఏళ్లు పడుతుంది. స్కూళ్లకని కేంద్ర ప్రభుత్వమిచ్చే గ్రాంటు చాలక పడే లోటును 2028 మార్చి దాకా కౌన్సిల్ ప్రధాన ఖాతాలోకి రాకుండా పక్కన పెట్టుకునే వెసులుబాటు కూడా ఉంది కాబట్టి, నొప్పి తెలియడం లేదు.

ప్రత్యేక బడులు పిల్లల్ని వేరు చేస్తాయని, మామూలు బడులనే సరిదిద్దాలని కొందరంటారు. మంచి మాటే. కానీ మనం మాట్లాడుతున్న పిల్లలు ఇప్పుడు మామూలు బడిలో లేరు. కొందరు దూరపు ప్రైవేటు బడిలో, కొందరు ఇంట్లో గది తలుపేసుకుని ఉన్నారు.

అయితే కట్టడం కూడా తెలిసి కట్టాలి. సెప్టెంబరులో అరవైమందినీ ఒకేసారి చేర్చుకుంటే క్రిస్మస్‌కే బడి చేతులెత్తేస్తుంది. రెండు తరగతులతో, పదహారు మందితో మొదలుపెట్టి ఏటా పెంచుకోవాలి. తరగతికి ఎనిమిది మంది, ఒక టీచరు, ఇద్దరు సహాయకులు. హెడ్ టీచర్ని ఏడాది ముందే తీసుకోవాలి. లేకపోతే ఏజెన్సీలు పంపే తాత్కాలిక సిబ్బందితో తలుపులు తెరుస్తారు, వారానికో కొత్త ముఖం కనిపిస్తుంది. కొత్త ముఖాలంటేనే భయపడే పిల్లలు మళ్లీ ఇంటిదారి పడతారు. భవనంలో వెడల్పైన వరండాలు, ప్రతి గదికీ రెండో ద్వారం, నేరుగా బయటి ఆవరణలోకి దారి ఉండాలి. ఇరుకు వరండాలో భుజం తగిలితే చాలు, గొడవ మొదలవుతుంది.

థెరపీని ఈహెచ్‌సీపీలో ఎక్కడ రాశారన్నది ఇంకో మెలిక. చదువు సాయం రాసే ఎఫ్ సెక్షన్‌లో ఉంటే అందించాల్సిన బాధ్యత కౌన్సిల్‌ది, ఆరోగ్య సాయం రాసే జీ సెక్షన్‌లో ఉంటే ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌ది. బడి తెరవకముందే థెరపిస్టు జీతం ఎవరిదో కాగితం మీద తేల్చుకోకపోతే, థెరపీ గది స్టోర్‌రూమ్ అయిపోతుంది.

ఈ రోగం మనకు తెలియనిదేం కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో ప్రభుత్వాసుపత్రులు ఉన్నా, సొమ్ములో సింహభాగం ప్రైవేటుకే పోయింది. బకాయిలు పేరుకున్నప్పుడల్లా నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తామంటాయి, ప్రభుత్వం బతిమాలుకుంటుంది. కొనడం మరిగిన సర్కారుకు బేరమాడే సత్తా ఉండదు. ఇంగ్లండ్ కౌన్సిల్ ఆఫీసరుదీ అదే స్థితి. వచ్చే ఏడాది ఫీజు పెంచుతున్నామని ప్రైవేటు బడి నుంచి ఈమెయిల్ వస్తే సంతకం పెట్టేస్తాడు. కాదంటే, సోమవారం ఆ పిల్లాణ్ని కూర్చోబెట్టడానికి సొంత బడిలో ఒక్క కుర్చీ కూడా ఖాళీ లేదు.