ఆ చీకట్లో ఆవిడకి ఇంకో దారి ఉందా?

నాజీలు యూదుల్ని చంపిన ఆష్విట్జ్ క్యాంపులో, తనూ ఖైదీగా ఉన్న యూదు డాక్టర్ గిసెల్లా పెర్ల్ చేసిన అబార్షన్ల మీద రాసిన ఒక వ్యాసం కింద ఒకరు "డాక్టరై ఉండి అలా ఎలా చేసింది?" అని అడిగారు, అది చదివాక ఊరుకోలేక రాస్తున్నాను. అక్కడ కడుపుతో ఉన్నట్టు తెలిస్తే తల్లీ బిడ్డా ఇద్దరికీ చావే. కడుపుతో ఉన్నవాళ్ళని వేరే క్యాంపుకి పంపుతాం, మంచి తిండి పెడతాం, పాలు కూడా ఇస్తాం అని నాజీలు చెబితే నమ్మి, ఆకలితో మాడుతున్న ఆడవాళ్ళు తమంతట తామే వెళ్ళి చెప్పుకున్నారు. వాళ్ళని చంపేస్తున్నారని కళ్ళారా చూశాకే పెర్ల్ ఈ పనికి పూనుకుంది. 1944లో అక్కడికి రాకముందు సిగెట్ (ఇప్పుడు రొమేనియాలో ఉంది) ఊళ్ళో ఆవిడ పురుళ్ళు పోసిన డాక్టరమ్మ. అక్కడ పరికరాల్లేవు, మత్తుమందు లేదు, వేడినీళ్ళు కూడా లేవు, రాత్రిపూట బ్యారక్‌లో మురికి నేల మీద, వట్టి చేతులతో. ఆ పేషెంటు నోరు గట్టిగా మూసుకుని అరుపు ఎలా ఆపుకుందో, నాకు ఊహకే అందడం లేదు.

లిథువేనియాలో యూదుల్ని నిర్బంధించి ఉంచిన కోవ్నో ఘెట్టోలోనైతే 1942లో అసలు గర్భమే నేరమని నాజీలు ఆర్డరు వేశారు.

ఆ వ్యాసంలో జర్మనీలోని కౌఫరింగ్ నాజీ క్యాంపు గురించి కూడా రాసి ఉంటే బాగుండేది. 1944-45 చలికాలంలో అక్కడ ఏడుగురు యూదు తల్లులు ఏడుగురు పిల్లల్ని కన్నారు, అందరూ బతికారు.

పెర్ల్ భర్త, కొడుకు మాత్రం బతకలేదు. ఆ సంగతి తెలిశాక ఆవిడ ప్రాణం తీసుకోబోయింది. తర్వాత న్యూయార్క్ వెళ్ళి, మళ్ళీ అవే చేతులతో దాదాపు 3,000 మంది పిల్లలకి పురుడు పోసింది.