60 ఓట్లు అక్కర్లేదు: అమెరికా ఫెడరల్ జడ్జీల మీద తిరుగుతున్న మెసేజ్‌కు జవాబు

అమెరికాలో ఉన్న మనవాళ్ల గ్రూపుల్లోనూ, వాళ్ల నుంచి ఇక్కడి కుటుంబాల గ్రూపుల్లోనూ ఒక మెసేజ్ బాగా తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: “అమెరికాలో ఫెడరల్ జడ్జిని పార్లమెంటు రెండు సభలూ ఓటేసి ఎన్నుకుంటాయి. సెనేట్‌లో 60 ఓట్లు రావాలి కాబట్టి అవతలి పార్టీ ఒప్పుకోకుండా ఎవరూ జడ్జి కాలేరు. అధ్యక్షుడు పేరు పంపాడంటే సెనేట్ ఓటింగ్ పెట్టి తీరాలి. ఏ పార్టీ ఓట్లతో వస్తే జడ్జి ఆ పార్టీకే పనిచేస్తాడు, ప్రభుత్వం మారితే కొత్తవాళ్లు ఓటేసి తీసేస్తారు. మన ఎన్‌జేఏసీ (జడ్జీల నియామకానికి తెచ్చిన జాతీయ కమిషన్) కూడా ఇదే పద్ధతి, సుప్రీంకోర్టు పడనివ్వలేదు.”

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబసభ్యుల వీసా) మీద ఉన్నవాళ్ల వర్క్ పర్మిట్లు, అక్కడ పుట్టే పిల్లల పౌరసత్వం ఆ కోర్టుల ముందుకే వెళ్లాయి. ఇలాంటి విషయంలో తప్పుడు లెక్క నమ్ముకుని కూర్చుంటే ఆశలూ భయాలూ రెండూ తప్పుతాయి. అందుకే ఒక్కో మాటా తీసుకుని చెబుతున్నాను.

“రెండు సభలూ ఓటేస్తాయి.” లేదు. ప్రతినిధుల సభకు ఇందులో ఓటే లేదు. అధ్యక్షుడు పేరు ప్రతిపాదిస్తాడు, సెనేట్ సలహా, సమ్మతితో నియమిస్తాడు అని అమెరికా రాజ్యాంగం రెండో అధికరణంలో ఉంది. ఇది ఫెడరల్ కోర్టుల సంగతి మాత్రమే. విజయవాడకు చెందిన జయ బాడిగ 2024లో కాలిఫోర్నియాలోని సాక్రమెంటోలో జడ్జి అయ్యారు. అది రాష్ట్ర కోర్టు, నియమించింది గవర్నర్. సెనేట్‌కు దానితో సంబంధం లేదు.

“60 ఓట్లు రావాలి.” అందరూ నమ్ముతున్నది దీన్నే, కాబట్టి కాస్త ఆగి చూడాలి. రాజ్యాంగంలో 60 అనే అంకె లేదు. జడ్జిని ఖరారు చేయడానికి కావలసింది హాజరై ఓటేసినవాళ్లలో సగం కంటే ఎక్కువ, అంతే. క్లారెన్స్ థామస్ 1991లో 52-48తోనే సుప్రీంకోర్టుకు వెళ్లారు. 60 అవసరమయ్యేది చర్చను ముగించడానికి. సెనేట్‌లో మాట్లాడటానికి మామూలుగా గడువు ఉండదు, అవతలి పక్షం చర్చను సాగదీస్తూ పోతే ఓటింగ్ దాకా రాదు. దాన్నే ఫిలిబస్టర్ అంటారు. చర్చ చాలు అని తేల్చే తీర్మానం క్లోచర్. జడ్జి మీద జరిగే ఓటింగ్ వేరు, దానికి ముందు క్లోచర్ మీద జరిగే ఓటింగ్ వేరు. మెసేజ్ రాసినవాళ్లు ఈ రెంటినీ కలిపేశారు.

పైగా క్లోచర్‌కు కూడా జడ్జీల విషయంలో 60 అక్కర్లేకుండా పోయి చాలా ఏళ్లయింది. 2013 నవంబర్ 21న హ్యారీ రీడ్ నాయకత్వంలోని డెమోక్రాట్లు 52-48తో దాన్ని సగం కంటే ఎక్కువ ఓట్లు చాలు అని మార్చారు, సుప్రీంకోర్టుకు తప్ప. 2017 ఏప్రిల్ 6న మిచ్ మెకానెల్ నాయకత్వంలోని రిపబ్లికన్లు సుప్రీంకోర్టుకూ అదే వర్తింపజేశారు. మర్నాడే నీల్ గోర్సచ్ 54-45తో గెలిచారు. 2018లో బ్రెట్ కావనాకు 50-48, 2020లో ఏమీ కోనీ బారెట్‌కు 52-48, 2022లో కెటాంజీ బ్రౌన్ జాక్సన్‌కు 53-47. మెసేజ్‌లో ఉన్నదే నిజమైతే ఈ నలుగురిలో ఒక్కరూ ఆ కుర్చీలో ఉండకూడదు.

కావనా విషయం చూడండి, 51 కూడా రాలేదు. ఆయన్ని సమర్థించే ఒక సెనేటర్ ఆ రోజు కూతురి పెళ్లిలో ఉన్నారు. వ్యతిరేకించే లీసా మర్కౌస్కీ, రెండు ఓట్ల తేడా మారకుండా, తన ఓటు లెక్కలోకి రాకుండా “హాజరు” అని మాత్రమే చెప్పారు. అదే ఏడాది డిసెంబర్‌లో జొనాథన్ కోబ్స్ అనే సర్క్యూట్ కోర్టు (ఫెడరల్ అప్పీళ్ల కోర్టు) నామినీకి 50-50 వస్తే, ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ ఓటుతో ఖరారైంది. జడ్జి నియామకంలో ఉపాధ్యక్షుడి ఓటు అవసరం కావడం అదే మొదటిసారి.

“పేరు పంపితే ఓటింగ్ పెట్టి తీరాలి.” నా ఉద్దేశంలో ఈ మెసేజ్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు ఇదే. ఎందుకంటే సెనేట్‌కున్న అసలు బలం కాదని ఓటేయడంలో లేదు, ఓటింగే పెట్టకపోవడంలో ఉంది. 2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జడ్జి స్కాలియా చనిపోయారు. మార్చి 16న ఆ స్థానానికి ఒబామా మెరిక్ గార్లండ్ పేరు పంపారు. సెనేట్ జ్యుడీషియరీ కమిటీ హియరింగ్ పెట్టలేదు, సభలో ఓటింగ్ పెట్టలేదు. 293 రోజులు అలాగే ఉండి, 2017 జనవరి 3న పాత సెనేట్‌తోపాటు ఆ నామినేషన్ కూడా ముగిసిపోయింది. ఒక్క సెనేటర్ కూడా ఆయన మీద అవునో కాదో రికార్డు మీద చెప్పాల్సిన అవసరం రాలేదు. నాకు ఇది అన్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఓటింగ్ పెట్టాలని రాజ్యాంగంలో ఎక్కడా గడువు లేదు. సుప్రీంకోర్టు నామినీని సభలో ఓటేసి తిరస్కరించడం చివరిగా జరిగింది 1987లో, రాబర్ట్ బోర్క్‌ను 42-58తో. ఆ తర్వాత ఆగిపోయినవాళ్లు ఓటింగ్ దాకా రానే లేదు.

కింది కోర్టుల్లో ఈ ఆపడం ఇంకా నిశ్శబ్దంగా జరుగుతుంది. డిస్ట్రిక్ట్ కోర్టుకు (కేసులు మొదట విచారించే ఫెడరల్ కోర్టు) ఒక పేరు వచ్చిందంటే ఆ రాష్ట్రానికి చెందిన ఇద్దరు సెనేటర్లకూ కమిటీ ఒక నీలం రంగు కాగితం పంపుతుంది. బ్లూ స్లిప్ అంటారు. వాళ్లలో ఒకరు తిప్పి పంపకపోయినా పేరు కమిటీలోనే ఆగిపోవచ్చు. ఇది చట్టం కాదు, కమిటీ ఆనవాయితీ. సర్క్యూట్ కోర్టుల విషయంలో ట్రంప్ తొలి పదవీకాలంలోనే దీన్ని పక్కన పెట్టారు. డిస్ట్రిక్ట్ కోర్టులకు మాత్రం డెమోక్రాట్ ఛైర్మన్ డిక్ డర్బిన్ కొనసాగించారు, ఆయన తర్వాత రిపబ్లికన్ చక్ గ్రాస్లీ కూడా, 2025లో సొంత పార్టీ అధ్యక్షుడు తీసేయమని బహిరంగంగా ఒత్తిడి తెచ్చినా, కొనసాగించారు. తమ రాష్ట్రంలో కోర్టు ఖాళీ గురించి సెనేటర్‌కు చెప్పుకోవాలనుకునే ఓటర్లకు సమయం అదే. పేరు సభలోకి వచ్చేసరికి చాలాసార్లు లెక్క తేలిపోయి ఉంటుంది.

“ఏ పార్టీ ఓట్లతో వస్తే ఆ పార్టీకే.” ఇందులో కొంత నిజం ఉంది, దాచను. 1986లో స్కాలియాకు 98-0, 1993లో గిన్స్‌బర్గ్‌కు 96-3 వచ్చిన కాలం పోయింది. ఇప్పుడు సుప్రీంకోర్టు ఓట్లు దాదాపు పార్టీ గీత మీదే పడుతున్నాయి. అయినా ఆఖరి అంకె చూసి జడ్జి ఎవరి మనిషో చెప్పేయలేం. వాషింగ్టన్ డిస్ట్రిక్ట్ కోర్టు జడ్జి తాన్యా చట్కన్ విషయమే తీసుకోండి. 2014 జూన్‌లో ఆమె క్లోచర్ ఓటు 54-40. పాత 60 లెక్కలో అక్కడే ఆగిపోయేవారు. మర్నాడు ఖరారు ఓటు 95-0. ఒక్క రోజులో సెనేటర్ల మనసు మారిందని కాదు. మొదటిది మెజారిటీ పక్షం ముందుకెళ్లే తీరు మీద వేసిన ఓటు, రెండోది మనిషి మీద వేసిన ఓటు. 2023లో హెచ్-4 వర్క్ పర్మిట్లు చెల్లుతాయని తీర్పు ఇచ్చింది ఆమే. 2025 జనవరిలో పుట్టుకతో వచ్చే పౌరసత్వాన్ని కుదించే ట్రంప్ ఉత్తర్వును సియాటెల్‌లో మొదట ఆపిన జాన్ కఫ్‌నవర్ రిపబ్లికన్ అధ్యక్షుడు రీగన్ 1981లో నియమించిన జడ్జి.

“ప్రభుత్వం మారితే తీసేస్తారు.” తీయలేరు. నడవడి సరిగా ఉన్నంతకాలం పదవి ఉంటుంది, అంటే దాదాపు జీవితాంతం. తీయాలంటే ప్రతినిధుల సభ అభిశంసించాలి, సెనేట్‌లో మూడింట రెండొంతుల మంది దోషి అనాలి. ఇన్నేళ్ల చరిత్రలో అభిశంసనకు గురైన ఫెడరల్ జడ్జీలు 15 మంది, సెనేట్ దోషులని తేల్చి తొలగించింది 8 మందిని. చివరిది 2010లో. ట్రంప్ తొలి పదవీకాలంలో ఖరారైనవాళ్లు 234 మంది, బైడెన్ కాలంలో 235 మంది. అధ్యక్షుడు మారాడని వీళ్లలో ఎవరినీ తీసేయలేదు.

ఇక “మన ఎన్‌జేఏసీ కూడా ఇదే” అన్న మాట. 99వ రాజ్యాంగ సవరణతో వచ్చిన ఆ కమిషన్‌లో ఆరుగురు: భారత ప్రధాన న్యాయమూర్తి, ఇద్దరు సీనియర్ న్యాయమూర్తులు, కేంద్ర న్యాయశాఖ మంత్రి, ఇద్దరు ప్రముఖులు. ఏ ఇద్దరు సభ్యులు కాదన్నా ఆ పేరు ముందుకు పోదు. 2015 అక్టోబర్ 16న సుప్రీంకోర్టు 4-1తో దాన్ని కొట్టేసింది. అది ఉండాల్సిందా, కొలీజియమే (సీనియర్ జడ్జీలే పేర్లు ఎంచే ఇప్పటి పద్ధతి) మేలా అన్నది గట్టిగా వాదించుకోవాల్సిన విషయం. కానీ ఆ కమిషన్ నిలిచి ఉన్నా ఏ జడ్జి పేరూ లోక్‌సభలోనో రాజ్యసభలోనో ఓటింగ్‌కు వచ్చేది కాదు. మన ఎంపీలు జడ్జి మీద ఓటేసేది తొలగింపు తీర్మానం వచ్చినప్పుడు మాత్రమే. దానికి రెండు సభల్లోనూ మొత్తం సభ్యుల్లో సగం కంటే ఎక్కువ మంది, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి.