అత్తగారి మూడో స్నానం

కరెంటు బిల్లు నాలుగు వేలు దాటిన నెల, ఆవేశంలో మీటరు దగ్గర మెయిన్ వైరుకి ఓ పరికరం పెట్టించాను. బట్టల క్లిప్పులా వైరుని కరుచుకుని ఉంటుంది. ఇల్లు మొత్తం లాగే కరెంటు చూసి, ఏ వస్తువు ఎప్పుడు నడిచిందో ఫోన్లో చెప్పేస్తుంది.

ఫ్రిజ్ మొదలయ్యేటప్పుడు ఫోన్లో కరెంటు గీత ఒక్కసారి ఎగిరి సర్దుకుంటుంది. మోటారున్న చాలావాటికి ఆ విసురుంటుంది. గీజరుకి ఆ హంగులేం లేవు: రెండు వేల వాట్లు, గోడ కట్టినట్టు లేస్తుంది, గోడ కూలినట్టు పడుతుంది. ఈ పోకడలు నేర్చుకుని పోల్చడమే యంత్రం తెలివి. 1980లలోనే అమెరికాలో ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జార్జ్ హార్ట్ అనే పరిశోధకుడు దీనికి దారి వేశాడని వారం రోజులు ఇంట్లో అందరికీ చెప్పాను. ఎవరూ వినలేదు.

పదో రోజు ఆఫీసులో ఉండగా మధ్యాహ్నం మూడింటికి ఫోను టింగుమంది: 'గీజర్ ఆన్'. మర్నాడూ అదే. మే నెల, బెజవాడ! ట్యాంకు నీళ్ళే చెయ్యి కాలుస్తుంటే గీజరెవరికి? ఇంట్లో కొత్తగా వచ్చిన మనిషి అత్తగారొక్కరే.

"అత్తయ్యగారూ, మధ్యాహ్నం కూడా స్నానం చేస్తారాండీ?" అన్నాను రాత్రి, వీలైనంత మర్యాదగా.

"చూశావుటే, అల్లుడుగారు నా స్నానాలు లెక్కపెడుతున్నారు!" ఆ వెంటనే లోపల సూట్‌కేసు జిప్పు చప్పుడు.

ఇలా ఇంటి గుట్టు బయటపడుతుందని హార్ట్ 1989లోనే హెచ్చరిస్తూ వ్యాసం రాశాడు. అత్తగార్ల సంగతి విడిగా రాయాల్సింది.

మర్నాడు సగం రోజు సెలవు పెట్టి మూడింటికి ఇంటికొచ్చాను. బాత్‌రూమ్ పొడిగా ఉంది. గీజరు స్విచ్చు మీద సాలెగూడు. వంటింట్లోంచి మాత్రం 'చుంయ్'.

ఇండక్షన్ పొయ్యి మీద బాణలి, బాణలిలో మిరపకాయ బజ్జీలు, చుట్టూ నా కుటుంబం. నా కొలెస్ట్రాల్ రిపోర్టు వచ్చిన సంక్రాంతి నుంచి ఇంట్లో నూనె వంటలు బందయ్యాయనే నా నమ్మకం. ఆ పొయ్యీ రెండు వేల వాట్లదే. యంత్రానికి వాట్లు తెలుసు, శనగపిండి తెలియదు.

"మీరు తినకూడదని దాచాం కానీ, మాకేం రోగమండీ?" అంది మా ఆవిడ. అత్తగారు ఒక్క ముక్క మాట్లాడకుండా రెండు బజ్జీలు నా ముందు పెట్టారు. తినేశాను.

ఆ రాత్రి ఫోన్లో 'గీజర్' అన్నచోట 'బజ్జీలు' అని దిద్దాను. అందరికీ చూపించాను కూడా. మర్నాటి నుంచి మూడింటికి ఫోను మోగలేదు. గీత చదును. పాపం, మానేశారనుకున్నాను.

ఆ నెల గ్యాసు బండ పద్దెనిమిది రోజులకే అయిపోయింది.